ఉత్తరాల ముసలమ్మ

మా మెట్ట మనుషులు ఎదురుపడితే అడిగే ప్రశ్నలు నాలుగే. పత్తి ఎంత పలుకుతోంది, మిరపకి తామరపురుగు తగ్గిందా, సుబాబుల్ కర్ర టన్ను ఎంతకి తీసుకుంటున్నారు, అమెరికా అబ్బాయి ఎప్పుడొస్తున్నాడు. వీటికి అయిదో ప్రశ్న చేర్చిన ఘనత మా బావది. "ఈ వారం ఏం చదువుతున్నారు?"

బావంటే సొంత మేనత్త కొడుకేమీ కాదు. చెవిటికల్లులో మా అమ్మమ్మగారి పక్కిల్లు వాళ్ళది. ఊరి వరసన వాళ్ళమ్మ నాకు అత్తయ్య, ఆయన బావ. ఇరవై ఏళ్ళకి పైగా డాలస్‌లో ఉంటున్నాడు. మంచివాడు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, చివరికొచ్చేసరికి మీకా అనుమానం రావచ్చు.

చెవిటికల్లు తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళే హైవే మీద కంచికచర్ల దగ్గర దిగి కృష్ణ ఒడ్డుకి పోతే వస్తుంది. ఇసకకి పేరున్న ఊరు. 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది గానీ, అత్తయ్య మాత్రం అడ్రసు చెప్పమంటే ఇప్పటికీ కృష్ణా జిల్లా అనే అంటుంది. ఆ ఊళ్ళో పుట్టి బయటికి పోయినవాళ్ళు, ఊరికి కోడళ్ళుగా వచ్చి అక్కడే ఉండిపోయినవాళ్ళు, నాలాగా నందిగామలో మకాం పెట్టి పండగకీ పబ్బానికీ వెళ్ళొచ్చేవాళ్ళు... 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇందరం ఫోన్లు పట్టుకుని ఖాళీగా కూర్చున్నాం. అప్పుడు బావకి ఆలోచన వచ్చింది. ప్రతి ఆదివారం మనకి రాత్రి ఏడున్నర, వాళ్ళకి పొద్దున తొమ్మిది. చలికాలంలో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకుంటారు కాబట్టి మనకి ఎనిమిదిన్నర. అందరూ వీడియో కాల్‌లోకి రావాలి. ఒక్కొక్కరు తామేం చదువుతున్నదీ, ఎలా ఉన్నదీ చెప్పాలి. రాజకీయాలు, కులాలు, స్థలాల రేట్లు నిషేధం.

కృష్ణకి అవతలి ఒడ్డున రాజధాని గొడవ మండిపోతున్న రోజులవి. ఈ మూడూ నిషేధిస్తే మావాళ్ళు నోరు విప్పరేమో అనుకున్నాను. విప్పారు. ఇన్నాళ్ళూ వీళ్ళందరూ ఇన్ని పుస్తకాలు ఎక్కడ దాచారా అనిపించేటట్టు విప్పారు.

మా సభ్యుల్ని పరిచయం చేయాలి. రిటైరైన హెడ్మాస్టరుగారు ఎప్పుడూ అద్దాల బీరువా ముందు కూర్చునే మాట్లాడతారు. బీరువాలో మహాభారతం సంపుటాలు ఎత్తు ప్రకారం నిలబడి ఉంటాయి. ఆయన పుస్తకం గురించి చెప్పరు, దాని సామాజిక నేపథ్యం గురించి చెబుతారు. నందిగామ లాయరుగారికి పేజీల లెక్క ముఖ్యం. "నాలుగు వందల ఎనభై పేజీలండీ, మూడు రాత్రుల్లో అవతల పారేశాను" అంటారు. ఏ పుస్తకమైనా ఆయన చేతిలో అవతలే పడుతుంది. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్ల ఒకతి, "నేను చదవను, బస్సులో చెవులకి పెట్టుకుని వింటాను" అని మొదటి రోజే ఒప్పుకుంది. కంచికచర్లలో ఎరువుల కొట్టు నడిపి కొడుక్కి అప్పజెప్పినాయన మాత్రం ప్రతివారం ఒకే మాట: "నేను షాడోనండీ." మధుబాబు రాసిన షాడో నవలలన్న మాట. ఒకటయ్యాక ఇంకొకటి, అన్నీ అయ్యాక మళ్ళీ మొదటిది. ఆయన వంతు రాగానే హెడ్మాస్టరుగారు మంచినీళ్ళు తాగడానికి లేచేవారు.

ఇక అత్తయ్య.

అత్తయ్య కోసమే చాలామంది ఫోను పట్టుకునేవాళ్ళంటే అబద్ధం కాదు. తెరమీద ఆమె పూర్తిగా కనపడ్డ రోజు లేదు. నుదుటి మీద బొట్టు, తలపైన గిర్రున తిరిగే ఫ్యాను, అంతే. ఒక్కోసారి ఆ బొట్టు కూడా ఉండేది కాదు, ఫ్యానొక్కటే. పెద్దవాళ్ళకి ఫోను పట్టుకోవడం చేతకాదులే అని నవ్వుకునేవాళ్ళం. పాలు తెచ్చే కుర్రాడు నొక్కి చేతికిచ్చి పోయేవాడు. ఆ ఫ్యాను కిందనుంచి గొంతు మాత్రం ఖంగున వచ్చేది. చదివింది ఎనిమిదో తరగతి. చెప్పేది వేయిపడగలు.

ఆమె చదువుకి వంశముంది. వాళ్ళమ్మది కొల్లూరు. కోహినూరు దొరికిందని చెప్పే కొల్లూరు కాదు, అది పులిచింతల నీళ్ళ కింద మునిగింది. ఇది తెనాలి వైపు డెల్టా కొల్లూరు. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదపాలెం నుంచి కొల్లూరు దాకా కాలవ మీద ఒక పడవ నడిపించారు. ఆ పడవలో సరుకు పుస్తకాలే. కాలవ గట్టున ఉన్న ఊరూరా ఆగి పుస్తకాలిచ్చి, మళ్ళీ వచ్చినప్పుడు తీసుకునేవాళ్ళు. ఆ రోజుల్లో ఆడపిల్ల గ్రంథాలయానికి నడిచివెళ్ళడం ఊళ్ళో వార్త అయ్యేది. గ్రంథాలయమే రేవులోకి వస్తే, బిందె తీసుకుని నీళ్ళకని పోయి కొంగులో పుస్తకం పెట్టుకుని రావచ్చు. అత్తయ్య వాళ్ళమ్మ చేసింది అదేనట. "మా అమ్మకి సగం బిందె నీళ్ళే వచ్చేయి, రెండో సగం పుస్తకం" అని అత్తయ్య చెప్పినప్పుడు డాలస్ నుంచి నందిగామ దాకా అందరం చప్పట్లు కొట్టాం. ఆ తల్లి పెళ్ళయి వెళ్ళాక కూడా చదువు మానలేదు, కూతురికి అంటించింది. కూతురు చెవిటికల్లు కోడలై వచ్చింది. ఇక్కడ కాలవా లేదు, పడవా లేదు. నందిగామలో అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. మావయ్య ఎడ్లబండి మీద పురుగుమందులకని వెళ్ళినప్పుడల్లా ఒక నవల తెచ్చేవాడు. రోజుకింత అని అద్దె కట్టాలి కాబట్టి పొయ్యి ముందర చదివి, చేలో గట్టు మీద చదివి, రెండు రోజుల్లో తిప్పి పంపాలి. యద్దనపూడి సులోచనారాణిది మన జిల్లాలోని కాజ ఊరని తెలిశాక, ఆమె రాసిందేదీ వదలలేదు అత్తయ్య. దగ్గర ఊరి ఆడపిల్ల రాసిందంటే అద్దె కట్టినా గిట్టుబాటే అనేది.

తిప్పి పంపాల్సిన పుస్తకం కాబట్టి బుర్రలో దాచుకోవడం అలవాటైంది. ఇది నా అభిప్రాయం. సొంతంగా కొని బీరువాలో పెట్టుకున్న పుస్తకాన్ని మనం ఎప్పుడైనా చూసుకోవచ్చులే అనుకుంటాం. అందుకే అది ఎప్పటికీ బీరువాలోనే ఉంటుంది.

ఆదివారం ఆమె వంతు వచ్చేసరికి కథ మొదలయ్యేది. ఒక వారం వేయిపడగలులో గిరిక, మరో వారం పసిరిక. బుచ్చిబాబు చివరకు మిగిలేదిలో దయానిధి మీద ఆమెకి కోపం. "ఆ కుర్రాడికి పొలం పనైనా చెప్పి ఉంటే బాగుపడేవాడు" అని తేల్చేసింది. అమృతం అంటే ప్రాణం. ఒకసారి చిలకమర్తి గణపతి గురించి చెబుతూ కడుపుబ్బ నవ్వించింది. చివర్లో, "ఆయనకి చూపానేది కాదట గదా, అయినా ఎంత రాశాడో చూడండి" అంది. నేను అందుకుని, 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాలవాళ్ళంతా మొదటిసారి సభ చేసుకుంటే, దానికి అయ్యంకి వెంకటరమణయ్యగారు అంత శ్రమపడితే, అధ్యక్షత వహించింది ఆ చిలకమర్తిగారేనని చెప్పాను. కళ్ళు సరిగా ఆనని మనిషిని పుస్తకాల సభకి పెద్దని చేశారు మనవాళ్ళు. "మరి ఆయన ఎట్టా చదువుకునేవాడు?" అని అడిగింది అత్తయ్య. ఇంకెవరిచేతనైనా చదివించుకునేవారు, చెప్పి రాయించేవారు అన్నాను. "చదివిపెట్టేవాళ్ళు ఉండాలిగా" అని ఊరుకుంది.

విశ్వనాథవారు కూడా వేయిపడగలు 29 రోజుల్లో నోటితో చెబుతుంటే తమ్ముడు రాశారని హెడ్మాస్టరుగారు గుర్తుచేశారు. అక్కడినుంచి మౌఖిక సంప్రదాయం మీద ఉపన్యాసం ఎత్తుకున్నారు. గచ్చిబౌలి పిల్ల ఆ సందులో చెవులకి వేరే ఏదో పెట్టుకుంది. నేను చూశాను.

2021 ఆగస్టు 14న ఎగువనుంచి ఉన్నట్టుండి నీళ్ళు రావడంతో చెవిటికల్లు దగ్గర ఇసకకని ఏట్లోకి దిగిన లారీలు వందకి పైగా చిక్కుకుపోయాయి. టీవీల్లో దేశమంతా చూసింది. మర్నాడు ఆదివారం. ఆ వారం నిషేధం ఎత్తేశాం, పుస్తకాలు పక్కన పెట్టాం. అత్తయ్యని అడిగితే ఆమె చెప్పిందంతా చప్పుడే. ఏటి నడిమధ్య నుంచి ఒకేసారి మోగిన హారన్లు, క్లీనర్ల కేకలు, నాటుపడవల మీద తెస్తుంటే ఒడ్డు చేరకముందే ఎవడో ఇంటికి ఫోను చేసి ఏడవడం. లారీలు ఎన్ని, ఏ వరసలో ఉన్నాయి అని బావ అడిగితే, "నేనెక్కడ లెక్కపెట్టాను, టీవీలో చూడు" అంది. ఎంత చక్కగా చెప్పిందీ అని మెచ్చుకున్నాం.

పుస్తకాలు పంపడం ఆ తరవాత మొదలైంది. అమ్మ ఎప్పుడూ పాతవే చెబుతోంది, కొత్త సాహిత్యం కూడా చదివించాలని బావకి పట్టుదల. డాలస్‌లో ఉండి ఫోన్లో నాలుగు నొక్కులు నొక్కితే చెవిటికల్లులో అట్టపెట్టె దిగుతుంది. నెలకొకటి, రెండు. మన రాష్ట్రంలో ఇంటిపన్ను కట్టే ప్రతివాడూ రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నా చాలా ఊళ్ళకి పుస్తకం చేరని రోజుల్లో, కొడుకు పంపే పుస్తకం తల్లి గుమ్మం దాకా చేరుతోందంటే గొప్పే. బావ ఆ మాట కాల్‌లో ప్రతివారం కాకపోయినా వారం విడిచి వారం చెప్పేవాడు.

"ఎలా ఉందమ్మా ఆ పుస్తకం?" అంటే, "ఇంకా మొదలుపెట్టలేదు నాన్నా, చేతిలో ఉన్నది అవనీ" అనేది. చేతిలో ఉన్నది మళ్ళీ ఏ చిలకమర్తో, ఏ యద్దనపూడో.

2023లో ఒక నవల బాగా పేలింది. పేరు చెప్పను. రచయిత బతికే ఉన్నాడు, ఈ గొడవలోకి ఆయన్ని లాగడం దేనికి? ఎక్కడ చూసినా ఆ అట్టే. హెడ్మాస్టరుగారు విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళి ఆ పుస్తకం పట్టుకుని ఫొటో దిగారు. లాయరుగారు అందులో పేజీలెన్నో చెప్పారు. బావ వాళ్ళమ్మకి పంపి, "ఇదొక్కటి తప్పక చదువమ్మా, నేను చదివాను, అద్భుతం" అన్నాడు. నాలుగు ఆదివారాలు వరసగా అడిగాడు. అయిదో ఆదివారం అత్తయ్య, "చదివాన్రా" అంది.

అందరం సర్దుకుని కూర్చున్నాం.

"అందులో ఒక ముసలామె ఉంటుంది చూడు" అని మొదలుపెట్టింది ఫ్యాను కిందనుంచి. "కొడుకు దూరదేశంలో ఉంటాడు. ఉత్తరాలు రాస్తుంటాడు. ఆమె ఆ ఉత్తరాలన్నీ బియ్యం డబ్బాలో దాచుకుంటుంది. పొద్దుగూకేవేళ ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడుముతుంది. ఇది దీపావళికి రాసింది, ఇది మనవరాలు పుట్టినప్పుడు రాసింది అని కాగితం మడతనిబట్టి చెప్పేస్తుంది. చదవలేదు పాపం. ఒకనాడు కొడుకు ఫోను చేసి, అమ్మా, నేను మొన్న రాసిన ఉత్తరం చదివావా అంటాడు. చదివాను నాన్నా, నువ్వు కులాసాగా ఉన్నానని రాశావుగా అంటుందీమె. వాడు కాసేపు ఆగి, అవునమ్మా అంటాడు. ఆ ఉత్తరంలో వాడు రాసింది ఉద్యోగం పోయిందని."

నాకు గొంతుకి ఏదో అడ్డం పడ్డట్టయింది. ఆ పుస్తకం కొనాలని అప్పటికప్పుడు కాగితం మీద రాసుకున్నాను.

మొదట తేరుకున్నది బావ. "అబ్బ, ఏం గుర్తుచేశావమ్మా! ఆ చాప్టరు చదువుతుంటే నాకు కన్నీళ్ళాగలేదు తెలుసా? ఫ్లైట్‌లో చదివాను. పక్క సీటువాడు కంగారుపడి నీళ్ళ సీసా ఇచ్చాడు" అన్నాడు. గొంతు నిజంగానే వణికింది.

హెడ్మాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నిరక్షరాస్యత అనే సామాజిక సమస్యని రచయిత ఎక్కడా నినాదం చెయ్యకుండా ఆ ఒక్క పాత్రలో ఇమిడ్చాడు. ఆ నవలకి ఆయువుపట్టు ఆ ముసలమ్మే" అన్నారు. లాయరుగారు, "నేనింకా అక్కడిదాకా రాలేదు, ముందు కథ చెప్పేయకండి బాబూ" అని చేతులు అడ్డం పెట్టారు. పోయినవారం ఆయన దాన్ని అవతల పారేసినట్టు నాకు గుర్తు. గచ్చిబౌలి పిల్ల, "నాకు ఆడియో ఇంకా దొరకలేదు" అంది. ఎరువులాయన, "నేను షాడోనండీ" అన్నాడు.

"సరే, నెక్స్ట్ ఎవరు?" అన్నాడు బావ.

ఆపైన కొన్నాళ్ళపాటు ఆ ముసలమ్మ మా కాల్‌లో మనిషైపోయింది. ఏ పుస్తకం గురించి మాట్లాడినా, "ఆ ఉత్తరాల ముసలమ్మంత బరువు లేదండీ ఇందులో" అని తూచేవాళ్ళు. హెడ్మాస్టరుగారు గ్రంథాలయ వారోత్సవాల్లో, అదే, నవంబరు 14 నుంచి 20 దాకా జరిపేవాటిలో, ఒక సభలో ఆ పాత్ర మీద మాట్లాడి శాలువా కప్పించుకున్నారు. నేను మాత్రం ఆ నవల కొందామని రాసుకున్న కాగితాన్ని చొక్కాతోపాటు ఉతుక్కి వేశాను. అంతటితో అది పోయింది.

2024 సెప్టెంబరు 1న వానలకి మునేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదకి నీళ్ళొచ్చాయి. బండ్లు ఆగిపోయాయి. కింద ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది. నీళ్ళు తీశాక, అత్తయ్య ఎట్టా ఉందో చూసొద్దామని బయలుదేరాను. విజయవాడలో అంతకుముందు కొన్న గణపతి కొత్త ముద్రణ ఒకటి సంచిలో వేసుకున్నాను.

పంచలో మడతమంచం మీద కూర్చుని ఉంది. నేను గేటు తీసుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డా, "ఎవరూ?" అంది. "నేనత్తయ్యా" అన్నాక మొహం విప్పారింది. "ఏం అల్లుడూ, నీళ్ళు తియ్యగానే వచ్చేశావే" అంది నా భుజం పక్కనున్న స్తంభాన్ని చూస్తూ.

పుస్తకం చేతిలో పెట్టాను. వాసన చూసింది. అట్ట నిమిరింది. తెరిచి, రెండు పేజీలు తిప్పి, "అక్షరాలు బాగా పెద్దవి వేశార్రా" అంది. పుస్తకం తలకిందులుగా ఉంది.

నేనేమీ అనలేదు. నా మౌనం ఆమెకి అర్థమైంది. "కూర్చో" అంది.

లారీలు మునిగిన ఏడాదికే మసకట. ఏటి అవతలి ఒడ్డు ముందు పోయింది, తరవాత ఏరు పోయింది, తరవాత గేటు. అక్షరాలు ఎప్పుడో పోయాయి. ఇల్లు యాభై అయిదేళ్ళ ఇల్లు కాబట్టి కాళ్ళకి తెలుసు. పనిమనిషి, "పెద్దతనం గదమ్మా" అనేది. వృద్ధులకి ఊరూరా కంటి పరీక్షలు చేస్తామని 2020 ఫిబ్రవరిలో సర్కారు మొదలుపెట్టింది గానీ మార్చిలో కరోనా వచ్చిపడింది. ఆ తరవాత ఎవరూ రాలేదు, ఈమె ఎవరినీ అడగలేదు.

"మరి ప్రతి ఆదివారం ఇన్ని పుస్తకాలు..."

"అవన్నీ ఎప్పుడో చదివినవేగా. అద్దె కట్టి చదివానయ్యా, ఎందుకు మర్చిపోతాను?"

కొత్త నవల సంగతి నేను అడగలేదు. పక్కింటి పిల్లెవరో చదివి వినిపించి ఉంటుందనుకున్నాను. గూట్లో బావ పంపినవన్నీ దొంతరగా ఉన్నాయి. కొన్నింటికి పైన ప్లాస్టిక్కు కూడా తియ్యలేదు.

"బావకి చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"చెప్పాను" అంది.

చెబితే ఊరుకునే మనిషి కాదే బావ అనుకున్నాను. ఇంకేదో అడగబోతే, "నువ్వు మాత్రం చెప్పబాక. అయిపోయాక నేనే చెప్తా" అంది.

విజయవాడ తీసుకెళ్తే డాక్టరుగారు చూసి రెండూ బాగా ముదిరిన శుక్లాలన్నారు. మన దేశంలో పెద్దవయసులో చూపు పోవడానికి మొదటి కారణం అదే. పోయిన చూపుని అరగంట లోపు ఆపరేషనుతో తిరిగి తెచ్చేదీ అదే. తెలిసినవాళ్ళకి ఎంత చిన్న విషయం! ముందు కుడి కన్ను, కొన్ని వారాలకి ఎడమ. పత్తి అమ్మిన డబ్బు ఇనప్పెట్టెలో ఉందని తాళంచెవి నా చేతికిచ్చింది. నా డబ్బు తీసుకోలేదు, కొడుకుని అడగనివ్వలేదు. ఆ ఆదివారాల్లో ఆమె వంతు వచ్చినప్పుడు, "ఈ వారం ఏమీ చదవలా" అని చెప్పింది మొదటిసారి. "పర్లేదమ్మా, రెస్ట్ తీసుకో" అని బావ లాయరుగారి వైపు తిరిగాడు.

2025 సంక్రాంతి వెళ్ళాక వచ్చిన ఆదివారం. చలికాలం కాబట్టి ఎనిమిదిన్నర. తెర మీద అత్తయ్య నిండుగా కనపడింది. బొట్టు, కళ్ళజోడు, మెడలో నల్లపూసలు లేని బోసితనం, ఒళ్ళో పుస్తకం, అన్నీ. ఫ్యాను లేదు.

"అరె, అమ్మకి ఫోను పట్టుకోవడం వచ్చేసిందే!" అన్నాడు బావ. అందరం నవ్వాం. "ఏం చదువుతున్నావమ్మా ఈ వారం?"

"నువ్వు పంపిన నవల" అని పైకెత్తి చూపించింది. అదే అట్ట.

"మళ్ళీ చదువుతున్నావా?"

"ఇదే మొదటిసారి. నిన్న రాత్రికి అయిపోయింది. మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా చదివాను. బానే రాశాడు కుర్రాడు. కానీ ఉత్తరాల ముసలమ్మ ఇందులో లేదురా."

ఎవరూ కదల్లేదు. హెడ్మాస్టరుగారి బొమ్మ నోరు తెరిచినట్టే ఆగింది. సిగ్నల్ పోయిందో, పోయినట్టు కూర్చున్నారో తెలీదు.

"అదేంటమ్మా? నువ్వేగా ఆవేళ..."

"నేనే. ఆ ముసలమ్మ చెవిటికల్లులో ఉంది. రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరి రెండేళ్ళపాటు నాకు ఒక్క అక్షరం కనపడలా. నువ్వేమో వారం వారం ఏం చదివావమ్మా అంటావు. ఇంకేమీ అడగవు. నలుగురిలో ఎట్టా చెప్పేది? అందుకని కథలో పెట్టి చెప్పా. చదవలేదు పాపం అన్నాను. చదువురాదని అన్లేదు మాస్టారూ, మీరే అట్టా అనుకున్నారు. నా కొడుకు పుస్తకం చదివినవాడు గదా, ఇందులో లేనిది అమ్మ ఎందుకు చెబుతోందని ఒక్క నిమిషమన్నా ఆలోచిస్తాడు, ఏందమ్మా సంగతి అని అడుగుతాడు అనుకున్నా."

"అమ్మా, అది కాదు..." అన్నాడు బావ.

"నాకు ఇప్పుడు బానే కనపడుతోందిలే. అల్లుడు చేయించుకొచ్చాడు. దాని గురించి నువ్వేం దిగులుపడబాక." కళ్ళజోడు సర్దుకుని, పుస్తకం తెరిచి, వేలితో పేజీలు తిప్పడం మొదలుపెట్టింది అత్తయ్య. "ఇందాకటి నుంచీ వెతుకుతున్నా, దొరకట్లేదు. నువ్వు విమానంలో ఏడ్చింది ఏ పేజీలోరా?"